చుట్టపుచూపుగా వచ్చిన గొంతులు

1980లో ఇంగ్లాండులోని షెఫీల్డ్ అనే ఉక్కు ఫ్యాక్టరీల ఊళ్ళో ‘హ్యూమన్ లీగ్’ అనే పాటల బృందం చీలిపోయింది. పాడేవాడు పేరు అట్టేపెట్టుకున్నాడు. వాయించే ఇద్దరు, మార్టిన్ వేర్, ఇయాన్ క్రెయిగ్ మార్ష్, బయటికొచ్చి సొంత కుంపటి పెట్టుకున్నారు. రెండేళ్ళు తిరక్కుండానే, 1982లో, ‘మ్యూజిక్ ఆఫ్ క్వాలిటీ అండ్ డిస్టింక్షన్’ అని ఒక ఆల్బమ్ వేశారు. పాటలన్నీ పాతవే. వాయిద్యం వాళ్ళది, గొంతులు మాత్రం పిలిచి తెచ్చినవి. అప్పటికి వెనకబడిపోయిన టీనా టర్నర్ అందులో ఒక పాట పాడింది. ఆ పరిచయంతోనే మరుసటి ఏడాది మార్టిన్ వేర్ ఆవిడ చేత ఇంకో పాట పాడిస్తే బ్రిటన్‌లో ఆవిడ దశ తిరిగింది. మీటల ముందు కూర్చున్నవాడు ఇంటివాడు, పాడేవాళ్ళు చుట్టాలు అనే పద్ధతి అక్కడి సింథ్‌పాప్‌లో, అంటే సింథసైజర్ మీద నడిచే పాప్ పాటలో, అలా నిలదొక్కుకుంది. 1987లో పెట్ షాప్ బాయ్స్ ఇద్దరూ గాయని డస్టీ స్ప్రింగ్‌ఫీల్డ్‌ని పిలిచారు. 1991లో మాసివ్ అటాక్ తమ తొలి ఆల్బమ్‌లో షారా నెల్సన్‌నీ, జమైకా గాయకుడు హొరేస్ ఆండీనీ పిలిచింది. 2015లో ఫ్రాన్సు సింథసైజర్ పెద్ద జాన్ మిషెల్ జార్ ఒక ఆల్బమ్ మొత్తం ఇలా పిలుపుల మీదే నడిపాడు.

తెలుగు శ్రోత ఇదంతా విని “ఇందులో వింతేముంది?” అంటాడు. నిజమే. ప్లేబ్యాక్ వచ్చిన దగ్గర్నుంచీ మన పాట పుడుతున్నది ఇలాగే. బాణీ ఒకరిది, మాట ఒకరిది, వాద్యాల కూర్పు ఇంకొకరిది. గాయకుడు వస్తాడు, పాడతాడు, అదే పూట మరో స్టూడియోకి వెళ్ళిపోతాడు. తేడా ఒక్కటే. షెఫీల్డ్‌లో ఆల్బమ్ అట్ట మీద ఇంటివాడి పేరు ఉంటుంది, చుట్టాల పేర్లు లోపల ఉంటాయి. మన దగ్గర చుట్టం పేరే పైకొస్తుంది, లేదంటే తెర మీద పెదాలు కదిపినవాడి పేరు. ఫలానా పాట ఎవరిదంటే “బాలుది” అంటాం, “చిరంజీవిది” అంటాం. ఆ పాట అడుగున నడిచిన బేస్ ఎవరు వాయించారో అడగం.

ఎలక్ట్రానిక్ ధ్వనిని నమ్ముకున్న సంగీతకారుడు ఇంటివాడుగా, గాయకులు అతిథులుగా, సినిమాతో పని లేకుండా నిలబడిన స్టూడియో ఆల్బమ్ తెలుగువాళ్ళకి ఉందా? లేకపోతే ఎందుకు లేదు? ఈ ప్రశ్నని నేను గోదావరి డెల్టా దగ్గర నుంచుని అడుగుతున్నాను, కారణం ఉంది. తెలుగు పాటకి కరెంటు ఎక్కించినవాళ్ళలో నలుగురి మూలాలు పాత ఉభయ గోదావరి జిల్లాల్లోనే ఉన్నాయి. రాజ్-కోటి జంటలో రాజ్ వంశం రాజమండ్రి దగ్గర రఘుదేవపురం. మాండొలిన్ శ్రీనివాస్‌ది పాలకొల్లు. కీరవాణిది కొవ్వూరు. దేవిశ్రీ ప్రసాద్ కుటుంబానిది రాయవరం మండలం వెదురుపాక. ఇంతమంది ఇంటివాళ్ళని ఇచ్చిన నేల తన పేరున ఒక్క ఆల్బమ్ కూడా ఎందుకు చూసుకోలేకపోయిందన్నది చిన్న ప్రశ్న కాదు.

ముందు యంత్రం సంగతి. ఎలక్ట్రిక్ ఆర్గాన్లు 1970లలోనే మద్రాసు స్టూడియోల్లో మోగాయి గాని అవి వాద్యబృందంలో ఒక వాద్యం మాత్రమే. అసలు మలుపు 1983. ఆ ఏడు యమహా డీఎక్స్7 అనే సింథసైజర్ అమ్మకానికొచ్చింది. వేర్వేరు కంపెనీల కీబోర్డులు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే మిడి అనే పద్ధతీ ఆ ఏడే వచ్చింది. దాంతో ఒక్క మనిషి డ్రమ్ములు, బేస్, తీగవాద్యాల వరసలు ఒక్కొక్కటిగా యంత్రానికి నేర్పి, అన్నీ కలిపి మోగించే వీలు కలిగింది. అంతకు ఏడాది ముందే బొంబాయిలో చరణ్‌జీత్ సింగ్ అనే సినిమా వాద్యకారుడు పది రాగాలని డిస్కో దరువు మీద సింథసైజర్లతో వాయించి రికార్డు వేశాడు. అప్పుడు కొన్నవాళ్ళు లేరు. దాదాపు ముప్ఫై ఏళ్ళకి విదేశాల్లో దాన్ని వెతికి పట్టుకుని మళ్ళీ అచ్చేసి నెత్తిన పెట్టుకున్నారు. దక్షిణాదిలో కంప్యూటర్ సంగీతం అనగానే 1986లో ఇళయరాజా తమిళంలో చేసిన ‘పున్నగై మన్నన్’ చెబుతారు. అది ‘డాన్స్ మాస్టర్’ పేరుతో తెలుగులోనూ ఆడింది. అదే ఏడాది కృష్ణ ‘సింహాసనం’తో బప్పీలహరి బొంబాయి డిస్కోని తెలుగులోకి దింపాడు. అందులో కృష్ణకి పాడిన రాజ్ సీతారామ్ గొంతు తెలుగువాళ్ళకి కొత్త. బప్పీ దరువు ముందు ఆ కొత్తదనం ఎవరికీ అడ్డం రాలేదు. గొంతు మారినా పాట నిలబడగలదని రుజువు చేసిన సందర్భాల్లో అదొకటి, దాన్ని అలా చూసినవాళ్ళు తక్కువ.

యంత్రంతో పాటు పని చేసే క్రమమూ మారింది. పూర్వం హాల్లో వాద్యబృందమంతా కూర్చుంటే గాయకులు వాళ్ళతో కలిసి ఒకే టేకులో పాడేవారు. తబలా తప్పితే పాటంతా మళ్ళీ మొదటికి. మల్టీట్రాక్ వచ్చాక ముందు వాద్యాలు, తర్వాత ఊరూ పేరూ లేని ట్రాక్ సింగర్, ఆ తర్వాత ఎప్పుడో తీరిక దొరికినప్పుడు అసలు గాయకుడు. అంటే ఇల్లు కట్టి, సున్నం వేసి, గుమ్మానికి తోరణం కట్టాక గొంతు వచ్చి గృహప్రవేశం చేసి పోతుంది. పాట అన్నివిధాలా కీబోర్డు మనిషి చేతిలోకి వచ్చిన ఆ రోజుల్లోనే అతని పేరు మరింత అడుగుకి పోయింది.

ఆ పేరు కాస్తయినా పైకి వినపడింది రాజ్-కోటి దగ్గర. తోటకూర సోమరాజు, సాలూరి కోటేశ్వరరావు. ఒకరు టి.వి. రాజు కొడుకు, ఒకరు సాలూరి రాజేశ్వరరావు కొడుకు. రఘుదేవపురం నుంచి మద్రాసు వెళ్ళిన టి.వి. రాజు ఎన్టీఆర్ సొంత సంస్థకి ‘జయసింహ’, ‘పాండురంగ మహాత్మ్యం’ లాంటి సినిమాలు చేసిన మనిషి. హార్మోనియం, పద్యం, రంగస్థలం తెలిసిన తరం. కొడుకు చేతికి సింథసైజర్ వచ్చింది. ‘ప్రళయ గర్జన’తో మొదలైన ఈ జంట 1988లో ‘యముడికి మొగుడు’, ‘ఖైదీ నెం.786’తో ఊరూరా మోగింది. ‘లంకేశ్వరుడు’, ‘ముఠామేస్త్రి’, చివరికి 1994లో నంది అవార్డు తెచ్చిన ‘హలో బ్రదర్’ వరకూ ఆ మోత ఆగలేదు. అప్పటికి దిలీప్ అనే పేరుతో ఉన్న ఎ.ఆర్. రెహమాన్ వాళ్ళ దగ్గర కీబోర్డు వాయించాడు. మణిశర్మ అక్కడ పనిచేశాడు. ఆ తర్వాత ముప్ఫై ఏళ్ళ దక్షిణాది ఎలక్ట్రానిక్ పాటకి వాళ్ళ రికార్డింగు గది ఒక బడి లాంటిదంటే అతిశయోక్తి కాదు.

రాజ్-కోటి పాటల్లో గాయకుల్ని కాసేపు పక్కనపెట్టి వినండి. పల్లవికీ చరణానికీ మధ్య సింథసైజర్ బాకాలు విసురుగా దూసుకొస్తాయి, అడుగున యంత్రపు డ్రమ్ము ఒక్క మాత్ర తప్పకుండా నడుస్తుంది, దాని మీద నిజం తబలా లేదా డోలక్ సందు చూసుకుని సరసాలాడుతుంది. ఈ కలయిక వాళ్ళది. ‘యముడికి మొగుడు’లో హిందోళ రాగాన్ని పేరుపెట్టి పిలిచే యుగళగీతం ఉంది కదా, దాంట్లో రాగపు స్వరాలు చెక్కుచెదరవు, ఆ రాగానికి వేసిన తొడుగు పూర్తిగా ప్లాస్టిక్. కర్ణాటక సంగీతం తెలిసిన పెద్దలు అప్పట్లో ముక్కు విరిచారు. నా మటుకు నాకు అది అప్పటి యూరప్ సింథ్‌పాప్ బృందాల పక్కన కూర్చోబెట్టదగిన పని. ఇద్దరు మనుషులు, వాళ్ళ మీటలు, వచ్చిపోయే బాలు, జానకి, చిత్ర, మనో. లెక్కకి ఇది అతిథి గాయకులున్న సింథ్ జంటే. కాని క్యాసెట్ అట్ట మీద హీరో బొమ్మ ఉంది కాబట్టి మనం దాన్ని అలా వినలేదు. ‘హలో బ్రదర్’ తర్వాత ఇద్దరూ విడిపోయారు. 2023 మే 21న రాజ్ హైదరాబాద్‌లో కన్నుమూశారు. నివాళుల్లో ఎక్కువ భాగం హిట్ పాటల పల్లవుల జాబితాలే తప్ప ఆ ధ్వని ఎలా కుదిరిందో చెప్పినవి బహు కొద్ది.

ఇక పాలకొల్లు. అసలు నేను వెతుకుతున్న ఆల్బమ్ ఏదైనా ఉందంటే అది ఇక్కడ పుట్టినవాడిదే.

ఉప్పలపు శ్రీనివాస్ 1969 ఫిబ్రవరి 28న పాలకొల్లులో పుట్టాడు. తండ్రి సత్యనారాయణ క్లారినెట్ వాయించేవారు. పిల్లవాడు ఇంట్లో ఉన్న మాండొలిన్ తీసుకున్నాడు. గురువు రుద్రరాజు సుబ్బరాజు, చెంబై వైద్యనాథ భాగవతార్ శిష్యులు. ఆయనకి మాండొలిన్ రాదు. ఆయన పాడేవారు, పిల్లవాడు విని వాయించేవాడు. అంటే శ్రీనివాస్ వాయిద్యంలో మొదటి పాఠం నుంచీ ఒక మనిషి గొంతు ఉంది. 1978లో గుడివాడ త్యాగరాజ ఆరాధనలో తొలి కచేరీ. 1983లో బెర్లిన్ జాజ్ ఉత్సవంలో వాయించేటప్పటికి అతనికి పధ్నాలుగేళ్ళు.

మామూలు మాండొలిన్‌కి జంట తీగలు నాలుగు. మీటిన స్వరం టక్కున పుట్టి టక్కున ఆరిపోతుంది. గమకం పలకాలంటే స్వరం కాసేపు బతికి ఉండాలి, బతికున్న స్వరాన్నే వంచగలం. శ్రీనివాస్ ఎలక్ట్రిక్ మాండొలిన్ తీసుకుని, జంట తీగలు మాని ఒంటి తీగలు ఐదు పెట్టుకున్నాడు. కరెంటు ఆ స్వరానికి ఆయుష్షు పోసింది. తోడి ఆలాపనలో అతను గాంధారాన్ని ఊపుతుంటే అది ఎక్కడా తెగకపోవడానికి సాధన ఎంత కారణమో పికప్ అంత కారణం. ఎలక్ట్రానిక్ అనగానే కృత్రిమం అనేవాళ్ళు ఒక్కసారి ఇది ఆలోచించాలి. కర్ణాటక సంగీతంలోకి ఒక పరాయి వాద్యం అడుగుపెట్టగలిగింది కరెంటు పుణ్యాన.

ఇదే తంటా ఇంకో దేశంలో ఇంకొకతను పడుతున్నాడు. కెనడా గిటారిస్టు మైఖేల్ బ్రూక్ ‘ఇన్ఫినిట్ గిటార్’ అని ఒకటి తయారుచేసుకున్నాడు. దాని మీద ఒకసారి మీటిన స్వరం మీరు ఆపేదాకా ఆరదు. 1990లో పాకిస్తాన్ ఖవ్వాలీ గాయకుడు నస్రత్ ఫతే అలీఖాన్ ‘మస్త్ మస్త్’ ఆల్బమ్‌కి రూపం ఇచ్చింది అతనే. ఆ ఆల్బమ్ వేసిన రియల్ వరల్డ్ సంస్థ ఇంగ్లీషు గాయకుడు పీటర్ గాబ్రియెల్ పెట్టినది; అది ఇంగ్లాండులో విల్ట్‌షైర్ జిల్లా బాక్స్ అనే పల్లెలో స్టూడియో నడుపుతోంది. ఆ సంస్థ 1994లో శ్రీనివాస్ శుద్ధ కర్ణాటక కచేరీని ‘రామ శ్రీరామ’ పేరుతో తెచ్చింది. 1995లో శ్రీనివాస్, మైఖేల్ బ్రూక్ ఇద్దరి పేరు మీదా ‘డ్రీమ్’ వచ్చింది. స్వరానికి కాస్త ఆయుష్షు కావాలన్నవాడూ, చావే లేకుండా చేసినవాడూ ఒక గదిలో కూర్చున్న ఆల్బమ్ అది. పిలుపు మీద వచ్చినవాళ్ళలో కెనడా గాయని జేన్ సిబెర్రీ ఉంది, ఇంగ్లీషు వయొలినిస్టు నైజెల్ కెన్నెడీ ఉన్నాడు, బ్రెజిల్ తాళవాద్యకారుడు నానా వాస్కొన్సెలోస్ ఉన్నాడు. అతిథి గొంతు, ఎలక్ట్రానిక్ ధ్వని, స్టూడియోలో పొరమీద పొరగా కట్టిన పాట, సినిమా పేరు ఎక్కడా లేదు. సింథ్‌పాప్ అని ముద్ర వేయలేం. డాన్సు దరువూ లేదు, పల్లవీ లేదు. కాని అడిగిన ప్రశ్నకి దీనికన్నా దగ్గర జవాబు నాకు దొరకలేదు.

మంచి ఆల్బమేనా అంటే, సగం. బ్రూక్ కట్టే ధ్వని మంచుతెర లాగా పరుచుకుంటుంది. ఆ తెర పల్చగా ఉన్న చోట మాండొలిన్ మెరుపు అద్భుతం. దట్టమైన చోట శ్రీనివాస్ వేళ్ళలోని పదును కనపడకుండా పోతుంది. వేగంగా, ముత్యాల్లాగా విడివిడిగా స్వరాలు పలికించడం అతని సొత్తు, సాగదీయడం బ్రూక్ సొత్తు. రెండూ ప్రతిచోటా సర్దుకోలేదు. గొంతు విషయంలో మాత్రం ఈ ఆల్బమ్ ఒక కొత్త పని చేసింది. మన దగ్గర వాద్యం ఎప్పుడూ గొంతుకి పక్కవాద్యం. ఇక్కడ గొంతు వచ్చి మాండొలిన్ పక్కన నుంచుంది. సుబ్బరాజుగారి పాట ముందే ఆ తీగల్లో ఉంది కనక పైనుంచి వచ్చే గొంతు రంగు అద్దితే చాలు, బరువు మోయనక్కర్లేదు. శ్రీనివాస్ తర్వాత ఇంగ్లీషు గిటారిస్టు జాన్ మెక్‌లాఫ్లిన్‌తో ‘రిమెంబర్ శక్తి’లో ప్రపంచమంతా తిరిగాడు. పద్మశ్రీ 1998లో వచ్చింది. 2014 సెప్టెంబరు 19న నలభై అయిదేళ్ళ వయసులో చెన్నైలో పోయాడు. సంతాపసభల్లో ‘డ్రీమ్’ ప్రస్తావన చాలా తక్కువ వినిపించింది. త్యాగరాజ కృతులు వాయించినవాడిగా అతన్ని మోసుకున్నాం, స్టూడియో మనిషిగా అసలు చూడలేదు.

కొవ్వూరు కీరవాణి గురించి ఇక్కడ పొడుగ్గా రాయను, ఆయన యంత్రాన్ని నమ్ముకున్నవాడు కాదు, వాడుకున్నవాడు. 1991 ‘క్షణక్షణం’లో కీబోర్డు పని ఎంత పొదుపుగా, ఎంత చలాకీగా ఉంటుందో ఇవాళ విన్నా తెలుస్తుంది. ఆయన తరచు తనే పాడేస్తాడు కూడా, ఇంటివాడే చుట్టమైపోతాడు. ఆస్కార్ తెచ్చిన ‘నాటు నాటు’లో మళ్ళీ పాత పద్ధతే. పాడింది రాహుల్ సిప్లిగంజ్, కాలభైరవ; వాళ్ళు వేదిక మీద పాడారు, ఈయన బహుమతి అందుకున్నారు. చుట్టాలకీ ఇంటివాడికీ ఎవరి వంతు వాళ్ళకి దక్కిన అరుదైన రాత్రి అది.

దేవిశ్రీ ప్రసాద్ కథ వేరు. తండ్రి జి. సత్యమూర్తి సినిమా రచయిత, ‘ఖైదీ నెం.786’ మాటల రచన ఆయనదే. దేవి మాండొలిన్ నేర్చుకుంది శ్రీనివాస్ దగ్గర. అంటే నేను చెబుతున్న రెండు దారులూ, మద్రాసు సింథసైజర్ దారీ, పాలకొల్లు మాండొలిన్ దారీ, ఈ కుర్రాడి ఇంట్లో కలిశాయి. సినిమా కన్నా ముందు అతను చేతపట్టింది ‘డాన్స్ పార్టీ’ అనే సొంత ఆల్బమ్. అది చేస్తుండగానే నిర్మాత ఎం.ఎస్. రాజు ‘దేవి’ ఇచ్చారు, 1999లో సినిమా వచ్చింది, ఇక ఆల్బమ్ సంగతి మరుగున పడింది. తెలుగు సినిమా ఎంత ఆకలి మీద ఉంటుందో దీన్నిబట్టి చూడండి, కాస్త వాయించగలిగిన పిల్లవాడు సొంతంగా ఒక ఆల్బమ్ పూర్తిచేసి ఊపిరి తీసుకునే లోపలే లాగేసుకుంటుంది. మళ్ళీ అతను సినిమా లేని పాట అంటూ ‘ఓ పిల్లా’ చేసింది 2022లో.

దేవి దగ్గర దరువు ముందు పుడుతుంది, గొంతు ఆ దరువుకి తగ్గట్టు ఎంపికవుతుంది. 2021 ‘పుష్ప’లో ఇది పరాకాష్ఠకి వెళ్ళింది. ఒకే బాణీ, ఒకే ధ్వని, భాషకో గొంతు. ‘శ్రీవల్లి’ తెలుగులో సిద్ శ్రీరామ్, హిందీలో జావేద్ అలీ. సమంత పాటకి తెలుగులో ఇంద్రావతి చౌహాన్, తమిళంలో ఆండ్రియా, హిందీలో కనికా కపూర్. ఇంద్రావతి గొంతులో ఉన్న గరుకు తమిళంలో లేదు, హిందీలో అసలే లేదు, అయినా మూడుచోట్లా పాట నిలిచింది. పాటని మోసింది ఎవరో ఇంతకన్నా తేటగా ఎవరు రుజువు చేయగలరు? జాతీయ అవార్డు సంగీతానికే వచ్చింది.

సినిమా తప్ప ఇంకోటి అమ్ముడుపోదు, అందుకే ఆల్బమ్ రాలేదు అంటారు. ఇది అందరూ చెప్పే కారణం, అందులో నిజం కొంతే. డెల్టాలో క్యాసెట్ కొట్లున్న రోజులు గుర్తున్నవాళ్ళని అడగండి. సినిమా క్యాసెట్ల పక్కన మరో అర ఉండేది. ఘంటసాల భగవద్గీత, అయ్యప్ప పాటలు, బుర్రకథలు, హరికథలు, అన్నిటికన్నా మించి పద్యనాటకాల క్యాసెట్లు. షణ్ముఖి ఆంజనేయరాజు, పీసపాటి నరసింహమూర్తి పద్యాలు ట్రాక్టర్ల మీద, పాకహోటళ్ళలో మోగేవి. జనం సినిమా కానిదాన్ని డబ్బిచ్చి కొన్నారు. కాకపోతే వాళ్ళు కొన్నది గొంతుని. పద్యం అంటే గొంతే కదా.

ఆ పద్యనాటకం దగ్గరే ఆగి చూస్తే ఇంకో సంగతి కనిపిస్తుంది. గోదావరి జిల్లాల్లో కాంట్రాక్టు నాటకాలు అనే పద్ధతి ఉండేది. ఒక ట్రూపు నాటకం కాదది. ఒక్కో పాత్రకి ఒక్కో ఊరి నుంచి పేరున్న నటుణ్ణి విడివిడిగా మాట్లాడుకుని, ఒక రాత్రికి ఒక వేదిక మీదకి చేర్చడం. కృష్ణుడి పాత్ర ఒక్కరితో సరిపెట్టరు. ఒకటో కృష్ణుడు, రెండో కృష్ణుడు వంతులవారీగా వస్తారు, ఎవరి గొంతుకి ఎన్ని వన్స్‌మోర్లు పడ్డాయో తెల్లవారాక లెక్కలు చెప్పుకుంటారు. ఈ రాత్రంతా కదలకుండా కూర్చునే మనిషి ఒక్కడు, హార్మోనిస్టు. వచ్చిన ప్రతి గొంతుకీ శ్రుతి మార్చి, రాగం ఎత్తిచ్చి, ఊపిరి తీసుకునే చోట సందు నింపి, తెల్లారే వరకూ నాటకాన్ని మోసేది అతను. మీటల వాద్యం ఇంటివాడు, గొంతులు అతిథులు. షెఫీల్డ్ కుర్రాళ్ళు 1982లో చేసిన పని తణుకు, రామచంద్రపురం చుట్టుపక్కల అంతకు ఎన్నో ఏళ్ళ ముందు నుంచే నడుస్తోంది. కరపత్రం మీద మాత్రం కృష్ణుళ్ళ పేర్లు పెద్దక్షరాల్లో, హార్మోనిస్టు పేరు చివర ఎక్కడో. ఆ హార్మోనియాన్నే ఆకాశవాణి 1940 నుంచి మూడు దశాబ్దాలు గడప తొక్కనివ్వలేదు, పరదేశి వాద్యమనీ గమకం పలకదనీ. సింథసైజర్ మీద తర్వాత వచ్చిన నిందలు అక్షరం మారకుండా ఇవే.

రేడియో ఇంకో దారి చూపించింది, అదీ ఒక డెల్టా మనిషి చేతే. నిడదవోలులో పుట్టిన బాలాంత్రపు రజనీకాంతరావు లలితసంగీతాన్ని ఆకాశవాణిలో పెంచి పోషించారు. సినిమా అక్కర్లేని పాట, స్వరకర్త ఇంటివాడు, స్టూడియోకి వచ్చిన గాయనీగాయకులు అతిథులు. తెలుగులో సినిమా బయటి పాటకి దొరికిన ఏకైక మర్యాదైన ఇల్లు అది. కాని ప్రభుత్వ ఇల్లు. అక్కడ పాట ప్రసారమయ్యేది, అమ్ముడయ్యేది కాదు. ఆల్బమ్ అయ్యే అవకాశం అక్కడే పోయింది.

చోటు సంగతీ ఉంది. 1936లో నిడమర్తి సూరయ్య రాజమండ్రిలో దుర్గా సినీటోన్ పెట్టారు, ఆంధ్రదేశంలో అది తొలి స్టూడియో. అది నిలబడి ఉంటే కథ ఏమయ్యేదో గాని, నిలబడలేదు. తర్వాత రికార్డింగు అంటే మద్రాసు, ఆపైన హైదరాబాదు. రఘుదేవపురమైనా పాలకొల్లైనా వాద్యకారుడు రైలెక్కక తప్పలేదు, అక్కడ దిగినవాడికి అన్నం పెట్టింది సినిమానే. ఎక్కనివాళ్ళు ఆర్కెస్ట్రాల్లో మిగిలారు. సంక్రాంతికి, వినాయక చవితికి, అమ్మవారి జాతరకి వేదిక కట్టి, ఒక కీబోర్డు, ప్యాడ్లు, ఘంటసాల గొంతు ఒకరు, బాలు గొంతు ఒకరు. రాజ్-కోటి స్టూడియోలో ఎన్నో పొరలుగా కట్టినదాన్ని ఆ కీబోర్డు కుర్రాడు రెండు చేతులతో ఒక్కడే లాక్కొచ్చేవాడు. ఇప్పుడు ఆ పనీ పోతోంది, ఫోన్‌లో గొంతు తీసేసిన మైనస్ ట్రాక్ పెట్టుకుని పాడేస్తున్నారు, పెళ్ళి ఊరేగింపుల్ని డీజే బాక్సులు ఆక్రమించాయి.

తెలుగులో ఆల్బమ్ అంటూ వచ్చినవి కూడా ఎక్కువగా గొంతుల ఆల్బమ్‌లే. విశాఖ రమణ గోగుల ‘మిస్టీ రిథమ్స్’ బృందంతో వచ్చినా ముందు నుంచుని పాడింది తనే. స్మిత పాప్ ఆల్బమ్‌లు స్మితవి. కాలిఫోర్నియాలో పెరిగిన తెలుగమ్మాయి రాజా కుమారి ఇంకా తమాషా, ఆమె ఇతరుల పాటల్లో అతిథిగా వెళ్ళి పేరు తెచ్చుకుంది. తెలుగువాళ్ళకి చుట్టాలుగా వెళ్ళడం బాగా వచ్చు, చుట్టాల్ని పిలవడమే రాలేదు.

ఇప్పుడు అడ్డేముంది? ఒకప్పుడు స్టూడియో అంటే లక్షలు. ఇవాళ లాప్‌టాప్, ఒక మైకు, ఒక చిన్న కీబోర్డు ఉంటే అమలాపురంలో కూర్చుని ఆల్బమ్ చేయొచ్చు. గొంతు ఎక్కడో డల్లాస్‌లో పాడి పంపొచ్చు. డబ్బూ చోటూ అడ్డు కావు. మిగిలిన అడ్డు మన చెవే. పద్యం దగ్గర్నుంచీ ఇది గొంతు వెంట పోవడానికి అలవాటుపడ్డ చెవి, దానికి ధ్వనిని వినడం నేర్పాలి. పత్రికల్లో పాటల సమీక్ష రాసేవాళ్ళు సాహిత్యానికి పది వాక్యాలు, గాయకుడికి ఐదు వాక్యాలు రాసి “సంగీతం బాగుంది” అని ముగిస్తున్నంత కాలం ఇది జరగదు.

పాలకొల్లు, భీమవరం, రాజమండ్రి, కాకినాడ పాఠకులకి ఒక విన్నపం. ‘డ్రీమ్’ దొరుకుతుంది, ముందు అది వినండి. నచ్చకపోతే తిట్టండి, విని తిట్టండి. మీ ఇంట్లో 80లు, 90ల నాటి క్యాసెట్లూ ఎల్పీలూ ఉంటే అట్ట లోపలి పేర్లు చూడండి, కీబోర్డు, రిథమ్, గిటార్ ఎవరని అచ్చయి ఉంటే రాసి దాచండి. మీ ఊరి ఆర్కెస్ట్రాలో ముప్ఫై ఏళ్ళు కీబోర్డు వాయించినవాళ్ళు, నాటకాలకి హార్మోనియం పట్టినవాళ్ళు ఇంకా కొందరు బతికే ఉన్నారు. పాడినవాళ్ళ గురించి మనకి తెలిసింది చాలు, ఈసారి వాళ్ళ దగ్గరికి వెళ్ళి ఏ పాటకి ఏం చేశారో అడిగి రికార్డు చేయండి.